ఎక్స్‌టెండ్ అయిన ఆరేళ్ళు

ఈ నెల పదమూడవ తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు, అమలాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటరు గుమ్మంలో నాకు వచ్చిన కోపం, ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్న ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. పొలం కాగితాలు ఆన్‌లైనులో నమోదు చేయించుకోవడానికి పదిహేనవ తేదీ ఆఖరు గడువని ఊరంతా చెప్పుకున్నారు. ఆఖరి రోజున పరుగెత్తే అలవాటు నాకు బొత్తిగా లేదు. అసలు కాగితాలు ఒక కవరులోనూ నకళ్ళు వేరొక కవరులోనూ పెట్టి, రెండింటి మీదా పెన్సిలుతో వరుస సంఖ్యలు వేసుకుని, ఉప్పలగుప్తంలో ఆటో ఎక్కి వచ్చి, గంటకు పైగా వరుసలో నిలబడ్డాను. తీరా నా వంతు వచ్చేసరికి కంప్యూటరు ముందున్నతను కుర్చీ వెనక్కి వాల్చి, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు నవ్వాడు.

“కంగారు పడిపోకండి మేడమ్‌గారూ, డేటు ఎక్స్‌టెండ్ చేసేరండి. వచ్చే నెలాఖరు దాకా టైముందండి.”

ఆ మాటకు నా వెనుక వరుస వరుసంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఒకాయన, “ఆయ్, నేను చెప్పలేదాండీ? ఎక్స్‌టెండ్ చెయ్యకుండా ఎక్కడికి పోతారండీ!” అంటూ భుజం మీది తువ్వాలు దులుపుకుని టీ కొట్టు వైపు నడిచాడు. ఎలాగూ వచ్చాను, నా పని ఇప్పుడే ముగించి పంపమన్నాను. ఎందుకండీ తొందర, సర్వరు కూడా నెమ్మదిగా ఉంది, పై నెలలో తాపీగా రమ్మన్నాడు. వేళకు వచ్చిన మనిషిని చూసి జాలిపడే కాలం వచ్చిందని నాకు ఆ గుమ్మంలో తెలిసింది.

నా ఈడు పాఠకులు ఈ కోపాన్ని అర్థం చేసుకుంటారని ఆశ. ఈ రోజుల్లో పెళ్ళి ముహూర్తం ఒక్కటి తప్ప ఎక్స్‌టెండ్ కానిదంటూ లేదు. పరీక్ష ఫీజు కట్టే గడువు ఎక్స్‌టెండ్ అవుతుంది, రొయ్యల చెరువు లీజు ఎక్స్‌టెండ్ అవుతుంది, మా వీధి చివర పంటకాలువ మీద కడుతున్న వంతెన పని ఎన్నిసార్లు ఎక్స్‌టెండ్ అయిందో కట్టేవాళ్ళకే గుర్తు లేదు, చివరికి మా దర్జీ కూడా జాకెట్టు అడగబోతే, శుక్రవారానికి ఎక్స్‌టెండ్ చేసుకోండమ్మగారూ అని నాకే చెబుతాడు. అయితే ఇవన్నీ పైపై చిరాకులు, వీటికోసం మనిషి వ్యాసం రాయనక్కర లేదు. ఆ మాటతో నాకు పాత వైరం ఉంది. నేను ఆరో తరగతిలో ఉండగా అది మా ఇంట్లోకి ప్రవేశించి, నాలుగేళ్ళ పాటు మా మధ్య ఒక మనిషిలా కూర్చుంది. దాని సంగతి నాకు తెలిసినంతగా ఆ కంప్యూటరు అతనికి తెలియదు.

మా నాన్న తాపీమేస్త్రి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన ఎత్తిన గోడలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, కానీ అప్పట్లో మేము ఉన్నది మాత్రం తాటాకు ఇంట్లో. మామ్మ, అంటే నాన్నగారి తల్లి, నాన్న, అమ్మ, నేను, పాలు మానీ మానని మా తమ్ముడు, అంతమందిమీ ఆ ఒక్క కప్పు కిందే. వర్షాకాలంలో ఎక్కడ కారుతుందో అక్కడ గిన్నె పెట్టడం నా ఉద్యోగం. మా పక్కింటి పెద్దమ్మగారి భర్త మస్కట్‌లో నీళ్ళ లారీ నడిపేవారు. ఆయన్ని మేము పెదనాన్నగారు అనేవాళ్ళం. ఆయన సెలవుకు వచ్చినప్పుడు, తనకు తెలిసిన ఒక అరబ్బుల ఇంట్లో వంటకూ పిల్లల్ని చూసుకోవడానికీ మనిషి కావాలన్నారు. రెండేళ్ళు వెళ్ళి వస్తే పక్కా ఇల్లు లేస్తుందని అమ్మ అంది. ఆ రోజుల్లో మా ప్రాంతం నుంచి ఆడవాళ్ళు అలా వెళ్ళడం కొత్త కాదు, ఇప్పుడూ వెళుతూనే ఉన్నారు. అమలాపురం బస్టాండులో రాజమండ్రి బస్సెక్కి, అక్కడి నుంచి బొంబాయి రైలెక్కి అమ్మ వెళ్ళిపోయింది. నాన్నకు తేదీలు గుర్తుండవు, తిరిగి వచ్చే రోజు దాటిపోకుండా చూడమని ఆ లెక్క నాకు అప్పగించారు. నా డైరీ అలవాటు అక్కడ మొదలైంది. నాకు అప్పగించిన పనిలో నేనెప్పుడూ పొరపాటు చేయలేదు, కానీ ఆ తేదీ ఎన్నిసార్లు వెనక్కి జరిగినా మా ఇంట్లో ఎవరూ దాన్ని పొరపాటు అనలేదు.

ఇప్పటివాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు గానీ, అప్పుడు మాకూ అమ్మకూ మధ్య నడిచినవి ఉత్తరాలు కావు, క్యాసెట్లు. అమ్మకు రాయడం అంతగా రాదు, నాన్నకు అసలే రాదు. మస్కట్ నుంచి మనిషి వచ్చాడంటే, మర్నాటికల్లా ఆ మనిషి ఇంటి అరుగు మీద పాతిక ఊళ్ళవాళ్ళు చేరేవారు. ఒకరికి సబ్బులు, ఒకరికి తలనొప్పి మందు, ఒకరికి చీర, అందరికీ క్యాసెట్లు. ఖాళీ క్యాసెట్టు కొనడం దండగని అమ్మ పాత పాటల క్యాసెట్టు తీసుకుని, మళ్ళీ రికార్డయ్యేలా దాని వీపున ఉండే కన్నాల్లో కాగితం ఉండలు కుక్కి, పాట మీదనే మాట్లాడేది. అందువల్ల అమ్మ మాట ఆగిన చోట అరబ్బీ పాట సగంలోంచి అందుకునేది. ఆ పాట వచ్చిందంటే అమ్మ అయిపోయిందని మాకు లెక్క.

టేపురికార్డరు మాకు లేదు, పెద్దమ్మగారి ఇంట్లోనే ఉండేది. కాబట్టి వినడమూ అక్కడే, బదులు చెప్పడమూ అక్కడే. బదులు చెప్పడం అంటే, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అరుగు మీద ఇరుగుపొరుగు అందరూ చూస్తూ ఉండగా, నాన్న తలంటుకుని ఉతికిన చొక్కా వేసుకుని, రికార్డరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, గొంతు సవరించుకుని, పంచాయతీలో సాక్ష్యం చెబుతున్నట్టు మొదలుపెట్టేవారు. అక్కడ మస్కట్‌లో కూడా అమ్మ ఆ క్యాసెట్టును మరో నలుగురు ఆడవాళ్ళు ఉన్న గదిలోనే వినాలి. అంటే మొగుడూ పెళ్ళాల మధ్య జరిగే ప్రతి మాటకూ ఇటు పదిమంది, అటు నలుగురు శ్రోతలు. అంతమంది ముందు, బెంగగా ఉంది అని ఎవరు అంటారు? మా గోదావరి జిల్లాల్లో మర్యాద ఎక్కువని లోకం మెచ్చుకుంటుంది. నేను కాదనను. కానీ ఆ మర్యాద ఒక్కొక్కసారి మనుషుల నోరు ఎంత గట్టిగా కట్టేస్తుందో మెచ్చుకునేవాళ్ళకు తెలియదు.

తమ్ముడికి మాటలు వచ్చింది ఆ అరుగు మీదే. పెద్దమ్మగారు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవిలో అందించేవారు, వాడు రికార్డరు వైపు వంగి, “అమ్మగారూ, బాగున్నారాండీ? భోంచేసేరాండీ?” అని చిలకలా అనేవాడు. పెట్టెలో ఉన్నావిడతో అలాగే మాట్లాడాలని వాడి నమ్మకం. అరుగంతా చప్పట్లు కొట్టేది, ఎంత మర్యాదండీ ఈ వయసులో అని ముచ్చటపడేది. నేనూ నవ్వేదాన్ని.

రెండేళ్ళు నిండడానికి నెల రోజుల ముందు పెదనాన్నగారు సెలవుకు వచ్చారు. అమ్మ వచ్చే విమానం కబురు ఉంటుందని నాన్న గడ్డం గీయించుకుని మరీ వచ్చి కూర్చున్నారు. క్యాసెట్టు తిరగడం మొదలైంది. అమ్మ ఎప్పటిలాగే అందరినీ పేరుపేరునా అడిగి, “ఇక్కడ నాకు ఇంకో రెండేళ్ళు ఎక్స్‌టెండ్ అయిందండి. ఇంకేం చేస్తాం,” అంది. ఆ తరువాత ఎక్కువ సేపు మాట్లాడలేదు. పాట వచ్చేసింది.

ఎక్స్‌టెండ్ అంటే ఏమిటన్నయ్యగారూ అని నాన్న అడిగారు. పొడిగించేరన్నమాటండి, వీసా, అని పెదనాన్నగారు చెప్పారు, ఓహో, ఆయ్ అని నాన్న తలూపారు. ఎవరు పొడిగించారు అని మాత్రం ఆ అరుగు మీద ఒక్కరూ అడగలేదు. తాడు పొడిగించాలంటే ఒకరు కూర్చుని పీచు పేనాలి, పంచె అంచు పొడిగించాలంటే ఒకరు సూది పట్టాలి, కానీ ఈ కొత్త మాటకు మనిషి అక్కర లేదు, గోదాట్లో పోటు వచ్చినట్టు అది దానంతట అది వస్తుంది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు అన్నట్టుగా అందరూ ఒప్పుకున్నారు. ఆ తరువాతి ఆదివారం నాన్న బదులు చెప్పారు. ఇక్కడ అందరం క్షేమం, మా గురించి ఏ బెంగా పెట్టుకోవద్దు, ఎలాగూ ఎక్స్‌టెండ్ అయింది గనక, వంటిల్లు కూడా పక్కకు ఎక్స్‌టెండ్ చేసేస్తాను, నువ్వు వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంటుంది అన్నారు. ఆ వారమంతా తమ్ముడికి జ్వరం. మామ్మ బావి దగ్గర జారి నడుము పట్టేసి మంచం మీద ఉంది. ఇంట్లో వంట చేస్తున్నది పదకొండేళ్ళ నేను. ఇందులో ఒక్క ముక్క కూడా క్యాసెట్టులోకి ఎక్కలేదు.

ఇక ఆ మాట మా వీధిని ఎలా పట్టుకుందో చెబితే వింతగా ఉంటుంది. నాన్న పనికి వెళ్ళిన ప్రతి ఇంట్లో, ఈ వసారా ఇంకో నాలుగడుగులు ఎక్స్‌టెండ్ చేద్దామాండీ అని అడగడం మొదలుపెట్టారు. చవితి పందిళ్ళు ఎక్స్‌టెండ్ అయ్యాయి. మా బడిలో లెక్కల మాస్టారు పీరియడును ఎక్స్‌టెండ్ చేశారు. మామ్మ ఒక్కతే ఆ మాట నోట పలికేది కాదు. ఆ రికార్డరు ముందుకు కూడా వచ్చేది కాదు. అరుగు కింద మెట్టు మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటూ, కోడలితో మాట్లాడాలంటే కోడలు రావాలి గానీ పెట్టెతో మాట్లాడడానికి నాకేమైనా పిచ్చా అనేది.

ఇల్లు మాత్రం పెరుగుతూ వచ్చింది. మొదటి రెండేళ్ళలో రెండు గదుల డాబా లేచింది. ఆ తరువాత వంటిల్లు, వరండా. పరాయి ఇళ్ళకు నెలలో గోడ ఎత్తి ఇచ్చే మా నాన్న, సొంత ఇంటి పని మాత్రం తీరిక దొరికిన రోజున ఒక్కరే చేసుకునేవారు, ప్రతి ఇటుకా మట్టం పెట్టి చూసేవారు, నచ్చకపోతే ఎత్తిన వరుస విప్పేసేవారు. అమ్మ చూసే ఇల్లు కదా, వంక ఉండకూడదు. నాలుగేళ్ళు నిండబోతుండగా రెండోసారి ఎక్స్‌టెండ్ అయింది. సెలవుకు ఇచ్చే విమానం టిక్కెట్టు కూడా అమ్మ డబ్బుగా మార్చి పంపేసింది. ఈసారి వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక గది, మేడ మీదకు మెట్లు. ఇన్ని గదులు ఉన్నా మేము పడుకునేది మాత్రం మొదట కట్టిన గదిలోనే, నలుగురమూ ఒకే వరుసలో. మిగిలిన గదుల్లో సిమెంటు బస్తాలూ కొబ్బరికాయలూ ఉండేవి. నన్ను ఈడేరిన తరువాత కూర్చోబెట్టింది ఆ కొత్త గదిలోనే, పెద్దమ్మగారే అన్నీ జరిపించారు, నాకు ఓణీ వేసిన మధ్యాహ్నం క్యాసెట్టులో అమ్మతో, అంతా బాగా జరిగిందమ్మా, నువ్వేం దిగులు పెట్టుకోకు అని చెప్పాను. అలా చెప్పాలని నాకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. ఆ అరుగు మీద కూర్చుంటే ఎవరి నోటికైనా ఆ మాటలే వచ్చేవి.

నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో, ఆరో ఏడు నిండడానికి ఇంకా మూడు నెలలు ఉందనగా, పెదనాన్నగారు సెలవు ముగించుకుని మర్నాడు బయలుదేరుతున్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరమూ అరుగు మీద చేరాము. నాన్న అప్పుడే మేడ మీద స్తంభాలకు ఇనుప ఊచలు వదిలి దిగారు. మా వైపు అదొక ఆచారం. రేపెప్పుడో పై అంతస్తు వేస్తామన్న ఆశతో ప్రతి డాబా మీదా నాలుగేసి ఊచలు ఆకాశంలోకి వదిలేస్తారు, చాలా ఇళ్ళలో అవి అలాగే తుప్పు పడతాయి. నాన్న గొంతు సవరించుకుని, క్షేమ సమాచారాలన్నీ అయ్యాక, “పైకి కూడా ఊచలు వదిలేనండి,” అన్నారు. పదిమందిలో రికార్డరు ముందు పెళ్ళాన్ని కూడా ఒక్కొక్కసారి అండీ అనేవారు. “ఈసారి కూడా ఎక్స్‌టెండ్ అయితే గనక, మేడ గది కూడా పూర్తి చేసేద్దాం. కాకపోతే...”

“కాకపోతే ఏరా?” అంది మెట్టు మీద నుంచి మామ్మ.

“అమ్మా, ఉండు. రికార్డవుతోంది.”

“అవనీ. ఆ పెట్టె ఇలా జరుపు.”

మామ్మ నడుము పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నాన్నను పక్కకు నెట్టి రికార్డరు ముందు కూర్చుంది. ఎక్కడ మాట్లాడాలో తెలియక దాని నెత్తి మీదకు వంగింది.

“ఒసే అమ్మాయ్, నేనేనే, మీ అత్తని. నీ మొగుడు గోడలు పెంచుతున్నాడు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతున్నారు. నిన్ను రమ్మని అడగడానికి మొహం చెల్లక వీడు ఇల్లు కడతన్నాడు, ఇల్లు కట్టడం అవలేదని నువ్వక్కడ కూచున్నావు. ఈ గదుల్లో ఎవరుండాలే? కొబ్బరికాయలా? ఎక్స్‌టెండూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ అరబ్బావిడ అడిగితే మా అత్త రమ్మందని చెప్పు. వచ్చెయ్. వినపడిందా? వచ్చెయ్.”

నాన్న మొహం కందగడ్డలా అయింది. “వదినగారూ, అది తుడిపెయ్యండి. ముందు నుంచీ మళ్ళీ చెబుతాను,” అని పెద్దమ్మగారితో అన్నారు.

“తుడపడం నాకు రాదండి మరిదిగారూ,” అన్నారావిడ. ఆరేళ్ళుగా ఆ యంత్రాన్ని నడుపుతున్నది ఆవిడే.

“పదిమందిలో పరువు పోతుందండీ. అక్కడ వాళ్ళంతా వింటారు.”

“విననివ్వండి. వాళ్ళ అత్తలు ఎవరూ అనలేదేమో ఈ మాట. ఆళ్ళకీ పనికొస్తుంది,” అని క్యాసెట్టు బయటికి తీసి, కొంగుకు ముడి వేసుకుని, లోపలికి వెళ్ళిపోయారు. నాన్న ఆ సాయంత్రం రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. లోపలికి వెళ్ళి అడగలేకపోయారు. ఆ మర్యాద ఒక్కసారైనా మా పక్షాన పనిచేసింది. మర్నాడు ఉదయం పెదనాన్నగారితో పాటు ఆ క్యాసెట్టు కూడా వెళ్ళిపోయింది.

శ్రావణమాసంలో, వరలక్ష్మీవ్రతానికి ముందురోజు మధ్యాహ్నం మూడు గంటలకు, అమ్మ ముందస్తు కబురేమీ లేకుండా రిక్షా దిగింది. నేను బడి నుంచి ఇంకా రాలేదు, నాన్న పనికి వెళ్ళారు, మామ్మ నిద్రపోతోంది. వరండాలో తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. తరువాత అమ్మే చెప్పింది. వాడు గోళీలు జేబులో వేసుకుని లేచి నిలబడి, “రండి, కూర్చోండి. నాన్న పనికెళ్ళేరండి. మంచినీళ్ళు తెమ్మంటారాండీ?” అన్నాడట. అమ్మ, తెమ్మంది. వాడు గ్లాసు పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. అమ్మ నీళ్ళు తాగి, నేనెవరో తెలుసా అంది. తెలుసండి, ఫొటోలో ఉన్నారు కదండీ, అమ్మగారు, అన్నాడట.

నేను వచ్చేసరికి అమ్మ నూతి గట్టు మీద కూర్చుని మొహం కడుక్కుంటోంది. ఎన్నిసార్లు కడుక్కుందో తెలియదు, పమిట అంతా తడిసిపోయింది. నాన్న చీకటి పడకముందే పరుగున వచ్చారు, చేతులకు సిమెంటు కూడా కడుక్కోలేదు. ఇద్దరూ చాలాసేపు ఇంటి గురించే మాట్లాడుకున్నారు. ఈ కిటికీ ఇక్కడ పెట్టాను, ఈ అలమర నీ ఎత్తుకు చూసి పెట్టాను అని ఒక్కొక్క గదీ చూపించుకుంటూ వెళ్ళారాయన, ఆవిడ అన్నిటికీ బాగుందండి, బాగుందండి అంటూ వెనకే నడిచింది. చివరికి మెట్ల దగ్గర ఆగి నాన్న అడిగారు.

“అయితే ఈసారి వాళ్ళు వదిలేరన్నమాట.”

“ఎవరండీ వదలడం?” అంది అమ్మ. “అడిగుంటే మొదటి రెండేళ్ళకే పంపేసేవారు. మంచివాళ్ళేనండి. నేను పెట్టె కూడా సర్దుకున్నాను. అంతలో మీ క్యాసెట్టు వచ్చింది. ఇక్కడంతా బాగుందన్నారు, ఏ లోటూ లేదన్నారు, ఇంకా కట్టాలన్నారు. అందరూ అన్నీ చెప్పేరు గానీ రమ్మని మాత్రం ఒక్కరూ అనలేదండి. సరేలే, ఉంటానమ్మా అని నేనే చెప్పేను ఆవిడతో. మీతో అలా చెప్పలేక, అయింది అన్నాను.”

నాన్న సిమెంటు చేతులు అలాగే గాలిలో పట్టుకుని నిలబడిపోయారు. “నేనేమో నీకు రావాలని లేదేమో అనుకుని...” అని అక్కడితో ఆపేశారు. మామ్మ లోపలి నుంచి, “మాటలు చాలు, అన్నం చల్లారుతోంది,” అని కేకేసింది. ఆరేళ్ళ సంగతి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే, ఆ తరువాత ఎప్పుడూ ఆ ప్రస్తావన వచ్చినట్టు నాకు తెలియదు.

ఇప్పుడు తలుచుకున్నా నాకు ఏడుపు రాదు, కోపమే వస్తుంది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేనివాళ్ళు దూరమైతే దానికొక న్యాయం ఉంది. వీళ్ళు ఒకరిని ఒకరు నొప్పించకూడదని, ఒకరి మీద ఒకరు భారం వేయకూడదని, పదిమందిలో చులకన కాకూడదని ఎంతో జాగ్రత్తగా మాట్లాడి మాట్లాడి, అక్కర లేని నాలుగేళ్ళు దూరంగా గడిపారు. దానికి ఆ ఇంగ్లీషు మాట ఒక ముసుగు అయింది, అంతే. అది లేకపోతే ఇంకొకటి దొరికేదేమో. కానీ అది చేతికి అందుబాటులో ఉంది, నేరం ఎవరి మీదా పడకుండా చూసుకునే సౌకర్యం దానిలో ఉంది. అందుకే ఈనాటికీ అందరికీ అంత ఇష్టం.

కాలం మారింది, మారలేదనను. ఇప్పుడు మస్కట్‌లో ఉన్న తల్లి పొద్దున్నా సాయంత్రమూ ఫోనులో మొహం చూపిస్తుంది, పిల్లలకు జ్వరం వస్తే నిమిషంలో తెలుస్తుంది, క్యాసెట్టు కోసం ఏ అరుగు మీదా కాచుకోనక్కర లేదు. దాచడానికి చోటు తగ్గింది. అయినా ఆ తెర మీద కూడా మనవాళ్ళు నవ్వు మొహమే పెట్టి, మేం బాగున్నాం, నీ సంగతి చూసుకో అంటూనే ఉన్నారు, అవతల మనిషి ఎక్స్‌టెండ్ అయిందంటూనే ఉంది. మామ్మలాంటివాళ్ళు మాత్రం బాగా తగ్గిపోయారు. నోరు చేసుకునే ముసలివాళ్ళను మనం అనాగరికులనుకుని ముందు గది నుంచి వెనక గదికి పంపేశాము. ఇప్పుడు ఆ కాస్త మోటు మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

లెక్క వేసుకోకుండా ఏ పుటనూ ముగించే అలవాటు నాకు లేదు. పోయినవి: అమ్మ అల్లవలసిన నా జడలు, నాకు ఓణీ వేసిన రోజున అమ్మ, తమ్ముడి మొదటి పలక, ఆరు వేసవుల ఆవకాయలు, ఆ సంవత్సరాల్లో నాన్న నోట రాని మాటలు. మిగిలినవి: వాననీరు చుక్క దిగని ఇల్లు, కోడలు వచ్చాక మామ్మ పద్నాలుగేళ్ళు తిన్న వేడి అన్నం, చివరి రోజుల్లో అమ్మ పక్కన లేకపోతే నిద్రపట్టని నాన్న. తమ్ముణ్ణి ఏ వైపు రాయాలో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. వాడు మామ్మను నువ్వనేవాడు, నాన్నను నువ్వనేవాడు, నన్ను ఇప్పటికీ నువ్వే అంటాడు. అమ్మ వాడి దగ్గరే ఉంటోంది, ఏ లోటూ లేకుండా చూసుకుంటాడు. ఆవిణ్ణి మాత్రం మీరంటాడు, నలభై దాటినా మారలేదు. అమ్మ మొదట్లో బతిమాలింది, తరువాత కోప్పడింది, తరువాత మానేసింది. కన్నతల్లికి అంత గౌరవం ఇచ్చే కొడుకు ఈ చుట్టుపక్కల లేడని ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. అమ్మ వింటుంది.